బడి బువ్వ: బడిలో వండితే మేలా, బండిలో వస్తే మేలా?

వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడుల విషయంలో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. పిల్లల మధ్యాహ్న భోజనాన్ని డ్వాక్రా మహిళలు బడిలోనే వండాలా? లేక సర్కారు బియ్యం, వంట ఖర్చు ఇస్తే, మిగతాది దాతల దగ్గర, కంపెనీల దగ్గర తెచ్చుకొని ఒక ట్రస్టు పెద్ద వంటశాలలో వండి బండిలో పంపాలా? అక్షయపాత్ర అనే ట్రస్టు 2000లో బెంగళూరులో మొదలుపెట్టింది ఈ రెండో పద్ధతే.

బండి భోజనంలో మంచి ఉంది. ఆవిరి మీద వేల మందికి ఒకేసారి వండుతారు. కట్టెల పొగ ఉండదు, సరుకులు తెచ్చే టెన్షన్ పంతుళ్లకు ఉండదు. వంటగదికి జాగా లేని హన్మకొండ, వరంగల్ ఇరుకు బడులకు నేను దానికే ఓటేస్తాను.

పల్లెకు మాత్రం కాదు. మొదటి కారణం గుడ్డు. మన రాష్ట్ర మెనూలో వారానికి మూడు గుడ్లున్నాయి. అక్షయపాత్ర వంటశాలలో గుడ్డు వండరు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అది వాళ్ల నియమం, తప్పుపట్టను. కానీ ఇంట్లో గుడ్డు దొరకని పిల్లకు బడిలోనైనా దొరకాలి. పైగా ఏటూరునాగారం లాంటి దూరపు ఊళ్లకు బండి చేరేసరికి అన్నం చల్లబడుతుంది. బడిలో వండితే పప్పుచారు పొయ్యి మీది నుంచి నేరుగా పళ్లెంలోకే.

బడి వంటకు అసలు జబ్బు సర్కారు నుంచి ఆలస్యంగా వచ్చే బిల్లులు. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లకు సరుకుల ఖర్చు రోజుకు 6.78 రూపాయలు. 80 మంది ఉన్న బడికి రోజుకు 542. నెలకు 22 రోజులు వండితే దాదాపు 12 వేలు. బిల్లు మూడు నెలలు ఆగిందంటే 36 వేల ఉద్దెర. దాన్ని మోసేది ఎవరు? నెలకు 3,000 గౌరవ వేతనం తీసుకునే వంటక్క. అదీ నెలనెలా చేతికి అందదు. మా ఊరి అక్క ఒకసారి చెవి కమ్మలు కుదువ పెట్టి నూనె, పప్పు తెచ్చింది. పిల్లలను పస్తు పెట్టలేక చేసిన పని అది. అలాంటి మనిషిని తీసేసి బండి తెప్పిస్తే పిల్లల ఆకలి తీరొచ్చు, ఆమె ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

అందుకే కంపెనీల డబ్బు వద్దనను, అది వెళ్లే దారి మారాలంటాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో మొదటి వరుసలోనే ఆకలి, పేదరికం ఉన్నాయి. ఆ డబ్బుతో బడికో వంట షెడ్డు, గ్యాస్ పొయ్యి, మంచి బగోనెలు ఇవ్వొచ్చు. అంతకన్నా ముందు మండల మహిళా సమాఖ్య దగ్గర అడ్వాన్సు నిధి పెట్టాలి. ప్రతి బడికి మూడు నెలల సరుకుల డబ్బు అందులోంచి ముందే అందాలి, సర్కారు బిల్లు వచ్చినప్పుడు తిరిగి అందులోనే పడాలి. మనం లెక్కేసిన 80 మంది బడికి ఆ నిధి 36 వేలు, అదీ ఒక్కసారి ఇస్తే చాలు.