లేజీ ఐ చికిత్స: తిరుపతిలోని ఒక పిల్లల కంటి క్లినిక్‌తో మా ఏడు నెలల అనుభవం

బడిలో జరిపిన పరీక్షలో మా అయిదేళ్ల అమ్మాయికి ఎడమకంటి చూపు 6/24 (మామూలు కంటికి 24 మీటర్ల నుంచి కనబడేది ఆరు మీటర్ల నుంచే కనబడడం) అని తేలినప్పటి నుంచి, తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గరలోని ఒక పిల్లల కంటి క్లినిక్‌కు వెళ్తున్నాము. వైద్యం మీద నాకు ఫిర్యాదు లేదు. నిర్వహణ మీద ఉంది.

కంట్లో పొరగాని మచ్చగాని లేవని, రెండు కళ్ల పవర్ల మధ్య తేడా ఎక్కువ కావడంతో మెదడు ఎడమకంటి మసక బొమ్మను పట్టించుకోవడం మానేసిందని, దీన్నే లేజీ ఐ అంటారని డాక్టరుగారు చెప్పారు. మొదట కళ్లద్దాలే ఇచ్చి, కొన్ని వారాల తరువాత కుడికంటికి రోజుకు రెండు గంటలు పట్టీ వేయమన్నారు. చక్కగా చూసే కన్నును మూయడమేమిటని మా అత్తగారు అడిగితే, ఆయన విసుక్కోకుండా పిల్లికూనల ప్రయోగం వివరించారు. 1960లలో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలు కుట్టి ఉంచగా, మెదడులో చూపుకు సంబంధించిన కణాలు ఆ కంటికి స్పందించడం దాదాపుగా మానేసి, తెరిచి ఉన్న కంటి వైపు వెళ్లిపోయాయి. పెద్ద పిల్లులలో మాత్రం అలా జరగలేదు. రెండు కళ్లనూ మూసినప్పుడు, ఒకదాన్నే మూసినప్పటంత నష్టం కనబడలేదు కనుక, నాడీకణాల మధ్య సంధుల కోసం రెండు కళ్లూ పోటీ పడుతున్నాయని అర్థమైంది. చూపు మీద చేసిన ఇలాంటి పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పట్టీ పని ఆ పోటీలో వెనుకబడిన కంటికి కాస్త చోటు ఇవ్వడమేనని విన్నాక, మా అత్తగారే గడియారం చూసి పట్టీ కట్టసాగారు.

ఇక కౌంటరు సంగతి. వారు ముందుగా ఇచ్చిన గుడ్డ పట్టీ సందులోంచి పిల్ల తొంగిచూసేది; చర్మానికి అంటుకునే పట్టీలు ఉన్నాయని మేము అడిగాకే చెప్పారు. బ్రహ్మోత్సవాల వారంలో రివ్యూ రద్దుచేసి, కొత్త తేదీ ఇవ్వనేలేదు. ఎక్కువకాలం మూస్తే బాగున్న కంటి చూపే తగ్గవచ్చు కనుక, ఇది చిన్న పొరపాటు కాదు.

పోయిన నెల ఎడమకన్ను 6/9కి వచ్చింది. పట్టీ మానేశాక చూపు మళ్లీ జారవచ్చన్నారు. అందుకే ఈసారి తేదీని ఫైలు మీద రాయించుకున్నాకే కౌంటరు దగ్గరి నుంచి కదిలాను.