రెండు కొండలు, రెండు బసలు, ఒక మొండి ముందు బ్రేకు

మూడు రోజుల బైకు యాత్రలో మొదటి బస కొండ కొసన. కిటికీ తెరిస్తే లోయంతా కనిపిస్తుంది, గది శుభ్రంగా ఉంది. బండి పెట్టే చోటు మాత్రం ఏటవాలు, పైగా చీకటి. బైకు మీద వెళ్ళేవాడికి గది కన్నా అదే ముఖ్యమని మర్నాడే తెలిసొచ్చింది.

పొద్దున్నే దిగడం మొదలుపెట్టాను. సగం దారిలో ముందు బ్రేకు లివర్ మెత్తబడింది. నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. రెండో గేరులో ఇంజను పట్టు మీద, వెనక బ్రేకు సాయంతో ఎలాగో పక్కకి ఆపాను. అరగంట కూర్చున్నాక నొక్కి చూస్తే మామూలుగానే ఉంది! అసలు సంగతి అక్కడే ఉంది, నాకే తట్టలేదు.

కొండ కింద మొదటి షెడ్డు. పని చకచకా అయిపోయింది. "లైనులో గాలి చేరింది" అని బ్లీడింగ్ చేసి, అంటే లైనులోని గాలిని ఆయిల్‌తో పాటు బయటికి తీసి, అప్పటికే మూత తీసి ఉన్న డబ్బాలోంచి కాస్త బ్రేక్ ఆయిల్ పోసి పంపేశాడు. చక్రం జోలికే పోలేదు. ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉన్నా మార్చలేదు. తొందరగా వదిలినందుకు అప్పుడు మెచ్చుకున్నాను కూడా.

రెండో బస చిన్నది, గది ఇరుకు. కానీ బండికి కప్పు, లైటు, పక్కనే నీళ్ళ కుళాయి. బురద కడుగుతుంటే ముందు చక్రం బ్రేకు డిస్క్ మీద పడ్డ నీళ్ళు చుయ్యిమన్నాయి. అప్పటికి గంట నుంచి చదును రోడ్డే, ముందు బ్రేకు దాదాపు వాడలేదు. మరి అంత వేడి ఎక్కడిది? ఆ ప్రశ్న వేసుకోకుండా, మిగిలిన గాలి బుడగలు పైకొస్తాయని లివర్‌ని తాడుతో హ్యాండిల్‌కి బిగించి కట్టి పడుకున్నాను. పొద్దునకి లివర్ రాయిలా ఉంది. రెండో కొండ దిగుతుంటే మళ్ళీ అదే కథ.

రెండో షెడ్డు పెద్దాయన స్పానరు ముట్టుకోకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. లివర్ పట్టుకుని ఉంచితే మెల్లగా దిగిపోతోందా? అయితే లివర్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ సీళ్ళు. చేతికి దడదడ కొడుతోందా? అయితే డిస్క్ వంకర. చల్లారాక గట్టిపడుతోందా? "అదే, అదే" అన్నాను. "అయితే ఆయిల్ మరుగుతోంది బాబూ. ఎందుకు కాగుతోందో చూద్దాం" అని ముందు చక్రం పైకి లేపి చేత్తో తిప్పాడు. పావు చుట్టు కూడా తిరగలేదు.

డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నుల రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు ఎండి తుప్పు పట్టింది. క్యాలిపర్ వెనక్కి జరగక ప్యాడ్లు రోజంతా డిస్క్‌ని రాస్తున్నాయి. పిస్టన్ వైపు ప్యాడ్ బాగా అరిగింది, రెండోది కొత్తదానిలా ఉంది. దానికి తోడు పాత ఆయిల్. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకునే కొద్దీ ఆ హద్దు పడిపోతుంది, 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు, బుడగలుంటే లివర్ మెత్తన. మొదటి షెడ్డువాడి మాట పూర్తిగా అబద్ధమేమీ కాదన్నమాట!

పిన్నులు రుద్ది, రబ్బరుని పాడుచేయని సిలికాన్ గ్రీజు పూసి, తొడుగులు, ప్యాడ్లు, ఆయిల్ అన్నీ మార్చేసరికి సగం రోజు పోయింది. కూర్చోడానికి ఒక స్టూలైనా లేదు. అయినా మళ్ళీ ఆ దారిన వెళితే ఆగేది ఈ షెడ్డులోనే, పడుకునేది ఆ ఇరుకు గదిలోనే.

తిరుగు దారిలో ముందు బ్రేకు ముట్టుకోకుండా చదును మీద ఐదారు కిలోమీటర్లు నడిపి, ఆగి, డిస్క్ మీద ఒక నీటి చుక్క వేశాను. చప్పుడు లేదు. మెల్లగా కిందికి జారిపోయింది.