రంగులేని తోలు క్రీము: ఐదేళ్ళ తరవాత కొన్ని సవరణలు

దుమ్ము అంటదు. తోలు బ్యాగుకు రాసే ఈ రంగులేని క్రీము మీద నాకున్న ప్రేమంతా ఆ ఒక్క గుణానికే. కర్నూలులో మెడికల్ రెప్ ఉద్యోగమంటే సగం దినం బండి మీదే. ఈరోజు ఆదోని, రేపు ఎమ్మిగనూరు, ఎల్లుండి డోన్. నల్ల తోలు బ్యాగు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని పోతే, ఆస్పత్రి ముందు దిగేసరికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. ఇప్పుడు పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, లోపలికి పోతాను.

దీనికి ముందు ఏడాదిన్నర కొబ్బరినూనె పూసినాను. ఆ బుద్ధి మా తాత నుంచి వచ్చింది. పత్తికొండ పక్క మా ఊర్లో కొత్త కిర్రుచెప్పులు కుట్టించుకుంటే ఆయన రాత్రికి ఆముదం దట్టంగా పట్టించి గోడకు ఆనించేవాడు. తెల్లారేసరికి చెక్కలాంటి చెప్పు కాలికి ఒదిగేది. ఇంట్లో ఆముదం లేదు, నేను కొబ్బరినూనె సీసా అందుకున్నా. బ్యాగు మెత్తబడలేదు సరికదా, జిడ్డంతా పైనే నిలిచింది, దారిలో దుమ్ము దాంట్లో పడి ముద్దయింది, తెల్లచొక్కాకు నడుము దగ్గర చార పడింది. తాత చెప్పు తంగేడు బెరడు వేసిన లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, నాని పదును పట్టిన తోలు, పైన ఏ పూతా లేదు, నూనెను ఇట్టే తాగేది. ఇప్పటి బ్యాగుల తోలు ఎక్కువగా క్రోమియం ఉప్పుతో పదును చేసి, పైన రంగు పూత వేసింది. ఆ పూత మీద నూనె పోస్తే ఎక్కడికి పోతుంది?

క్రీము సంగతి అట్ల కాదు. రాసి, పావుగంట ఆగి, పాత బనియను ముక్కతో రుద్దితే చేతికి ఏమీ అంటదు. 2020లో మొదటి డబ్బా కొన్నప్పుడు ఇదే మాట కనబడిన వాళ్ళందరికీ చెప్పినాను. నెలనెలా దండిగా పట్టించమని కూడా చెప్పినాను. ఆ రెండో మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఎందుకంటే రెండేళ్ళ కింద సంక్రాంతికి సెలవు పెట్టి ఊరికి పోతూ, బ్యాగుకు ఒకటికి రెండు పూతలు పట్టించి, దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టినాను. పది దినాల తరవాత తీస్తే బ్యాగంతా తెల్లగా, విభూతి పూసుకున్నట్టు. మడతల్లో ఇంకా చిక్కగా ఉంది. "బూజు పట్టింది, బట్టలకు కూడా అంటుకుంటుంది, బయట పడెయ్" అని మా ఆవిడ. అయిదు వేలు పెట్టి కొన్న బ్యాగు. తడిగుడ్డతో తుడిచినాను, పోయినట్టే పోయి మరుసటి పొద్దునకు మళ్ళీ వచ్చింది.

బస్టాండు దగ్గర చెట్టు కింద కూర్చునే చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన చేతిలోని ఆరె, అదే తోలు కుట్టే సూది, కింద పెట్టి, బ్యాగును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. తరవాత లైటరు వెలిగించి జానెడు దూరంలో అట్లా ఇట్లా ఆడించినాడు. ఆ తెలుపు నా కళ్ళ ముందే కరిగి నీళ్ళలా మెరిసి తోల్లోకి ఇంకిపోయింది.

"బూజైతే కరగదు సార్, ముక్కిపోయిన వాసన కూడా వస్తుంది. ఇది మీరు పూసిన క్రీములోని మైనమే. చలికి గడ్డకట్టి పైకొచ్చింది. ఎంత పూస్తారు?"

రెండు వేళ్ళు కలిపి చూపించినాను.

"సంకటికి నెయ్యి వేసుకున్నట్టు పూస్తే ఎట్ల సార్? పెసరగింజంత చాలు. అదీ ముందు తడిగుడ్డతో మురికి తీసి, నీడన ఆరినాక."

నేను అప్పటిదాకా మురికి తీయకుండా దాని మీదే క్రీము రాస్తున్నానని ఆయనకు చెప్పలేదు. ఊడిపోతున్న పట్టీకి మైనం రాసిన దారంతో నాలుగు కుట్లు వేయించుకుని వచ్చేసినాను. ఇంట్లో మిగతా తెలుపు పోవడానికి హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో దూరంగా పెట్టి, కరిగింది కరిగినట్టు తుడిచినాను. మళ్ళీ రాలేదు. ప్లాస్టిక్ కవరు మానేసి పాత దిండుగలీబులో పెడుతున్నా.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ క్రీముతో నా పర్సు కొత్తదానిలా మెరుస్తోందని అప్పట్లో ఫొటోలు కూడా చూపించినాను. పోయినేడు ఆ పర్సు మడత దగ్గర పొట్టు లేచింది, కింద గుడ్డ కనబడింది. అది తోలే కాదు, రెగ్జిను. మూడేళ్ళు ప్లాస్టిక్‌కు సేవ చేసినానన్నమాట. మెరుపు నిజమే, దాని ఘనత మాత్రం క్రీముది కాదు.

బెల్టు సంగతీ అంతే. మే నెలలో నలభై మూడు డిగ్రీల ఎండలో బండి తోలితే చెమట ఉప్పు బెల్టు లోపలి వైపు తెల్లటి గీతలు కడుతుంది. ఆ గీతల మీద క్రీము ఏమీ చేయలేదు. సాయంత్రం ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి, చుట్ట చుట్టకుండా కొక్కేనికి వేలాడదీయడమే పని చేసింది. దానికి డబ్బా అక్కరలేదు.

రంగులేనిది కదా అని మా ఆవిడ లేతరంగు చెప్పులకు రాసినాను. ఒక చెప్పు ఇటుకరంగుకు తిరిగింది. రెండోదానికీ రాసి సరిచేద్దామనుకున్నా, చేతిలోంచి లాక్కుంది. లేతరంగు తోలుకు రాసేముందు కనబడని మూల చుక్క రాసి ఒక రోజు చూడండి. స్వెడ్ లాంటి నూగు తోలుకైతే అసలు వద్దు.

నాది నున్నటి నల్ల బ్యాగు, నేనుండేది తేమ తక్కువ ఊరు. సముద్రం పక్క ఊర్లలో నిజం బూజు పడుతుంది, అక్కడ ఇది ఎట్లా ఉంటుందో నా అనుభవంతో చెప్పలేను. మొదటి డబ్బా ఎనిమిది నెలలకు అయిపోయింది. పెసరగింజ లెక్క మొదలుపెట్టినాక కొన్నది రెండేళ్ళయినా ఇంకా సగం ఉంది. ఈ బ్యాగు ఉన్నన్నాళ్ళూ ఇదే కొంటాను. తరవాతి బ్యాగు గోధుమరంగుదైతే మాత్రం ఆలోచించాలి.