కఖేతిలో పాతేసిన కుండల వైన్: తాగనివాళ్లు కూడా వెళ్లాల్సిన చోటు

మా అమ్మాయి జార్జియాలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. సెప్టెంబరు చివర్లో చూడ్డానికి వెళ్లినప్పుడు కఖేతి ప్రాంతంలోని సిగ్నాగి దగ్గర పల్లెలో, ఇంట్లోనే వైన్ చేసి అమ్మే ఒక కుటుంబం దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లింది. టిబిలిసి నుంచి రెండు గంటల దారి.

వైన్ చేసే గదిని వాళ్లు మరని అంటారు. లోపల పీపాలు, యంత్రాలు ఏమీ లేవు, నేల మీద వరసగా గుండ్రటి మూతులే. వాటి కింద మనిషి దిగి కడిగేంత పెద్ద మట్టికుండలు అంచుదాకా పాతేసి ఉన్నాయి, పేరు క్వెవ్రి. లోపల తేనెమైనం పూత. తొక్కిన ద్రాక్షను తొక్కలు, గింజలు, తొడిమలతో సహా పోసేస్తారు, విడిగా ఈస్ట్ వేయరు, ద్రాక్షతో వచ్చిందే పులియబెడుతుంది. కోతల రోజులు కాబట్టి ఒక కుండ అప్పుడే పులుస్తోంది. ఇంటి పెద్దాయన పైకి తేలిన తొక్కల్ని పొడుగాటి కర్రతో కిందికి అదుముతూ నన్ను వంగి వినమన్నారు. సన్నగా బుసబుసమంటోంది. మా అమ్మమ్మ వాళ్లింట్లో తరవాణి కుండ గుర్తొచ్చింది. పొంగు తగ్గాక, మనం ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా మూత బిగించి వసంతం దాకా కదపరు.

ఈ పద్ధతి మొత్తం 8,000 ఏళ్లనాటిదే అన్నారాయన. అది కాస్త ఎక్కువ చెప్పడమే, ఇలా పాతేసిన కుండల పద్ధతి అంత పాతదని తేలలేదు, అంత పాతది వైన్ మాత్రమే. కానీ అసలు సంగతి కూడా తక్కువదేం కాదు. టిబిలిసికి దక్షిణంగా గడచ్రిలి గోరా, షులవెరి గోరా అనే కొత్తరాతి యుగపు ఊళ్లలో దొరికిన కుండపెంకుల్లో టార్టారిక్ ఆసిడ్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో తేల్చారు, సుమారు క్రీ.పూ. 6000 నాటివి. ఆ ప్రాంతంలో ఆ ఆసిడ్ అంతగా ఉండే పండు ద్రాక్షే కాబట్టి వైన్ అని చెప్పగలిగారు. అదే మన చారుకుండ పెంకు పరీక్షిస్తే చింతపండు వల్ల కూడా అదే ఆసిడ్ బయటపడుతుంది! ఇనుము తెలియని, రాత తెలియని మనుషులు ఏడాదికోసారి వచ్చే పంటను కుండలో దాచుకోవడం నేర్చేశారంటే నాకు ఒళ్లు పులకరించింది.

రుచికొస్తే, ర్కత్సితెలి ద్రాక్షది తేనెరంగులో ఉంది, బాగా మరిగిన టీలా వగరు, వెనక ఎండు ఆప్రికాట్ వాసన. మొదటి గుక్క నచ్చలేదు, మట్టి పొయ్యిలో కాల్చిన రొట్టె, చీజ్‌తో తాగాక నచ్చింది. సపెరవి అనే నల్లద్రాక్షది అయితే నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక నల్లబడిపోయింది. మా ఆవిడ వైన్ ముట్టదు, ఆవిడకి మత్సోని అని గడ్డపెరుగు పెట్టారు, రెండోసారి అడిగి వేయించుకుంది.

బాగా లేనిది ఒకటే, ఇంకో బస్సు జనం వచ్చేసరికి రుచి చూడ్డానికి పోసిన ఐదు గ్లాసులూ ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. అలా తాగేది కాదు ఇది. వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. వాళ్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం, జార్జియన్ వచ్చిన పిల్లలెవరైనా వెంట ఉంటే మంచిది.