ప్యానెల్ చప్పగా, బల్లలు బలంగా: అధ్యక్ష ఎన్నికపై అలూమ్నై సాయంత్రం

అమెరికాలోని కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థుల (అలూమ్నై) సంఘాలకు డైవర్సిటీ విభాగాలున్నాయి. నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న), ఆసియన్ పట్టభద్రుల బృందాలు కలిసి వీటిని నడుపుతుంటాయి. అలాంటి ఒక విభాగం 2024 అధ్యక్ష ఎన్నిక ఫలితాల మీద పెట్టిన సమావేశం ఇది. మొదటి సగం ప్యానెల్, రెండో సగం గుండ్రటి బల్లల దగ్గర చర్చ. టికెట్ డబ్బు గిట్టుబాటయిందంటే అది రెండో సగం వల్లే.

ప్యానెల్‌లో మాట్లాడినవాళ్లు చదువుకున్నవాళ్లే. చిక్కల్లా అంకెలతో వచ్చింది. "లాటినోలు ఇటు జరిగారు, ఆసియన్లు అటు జరిగారు" అంటూ స్లైడ్ మీద శాతాలు పడ్డాయి గానీ, అవి ఏ సర్వేవో ఎవరూ చెప్పలేదు. ఇది చిన్న లోపం కాదు. 2024లో ఎడిసన్ రీసెర్చ్ ఎగ్జిట్ పోల్ పోలింగ్ కేంద్రాల బయట ఓటర్లను అడిగింది, ముందస్తు ఓటర్ల కోసం ఫోన్లు కూడా చేసింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ చేసిన ఓట్‌క్యాస్ట్ సర్వే పద్ధతి వేరు. ప్యూ అనే పరిశోధన సంస్థ నెలల తర్వాత అధికారిక ఓటర్ల రికార్డులతో సరిచూసి, నిజంగా ఓటేసినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది. ట్రంప్‌కు పడిన లాటినో ఓటు ఎగ్జిట్ పోల్‌లో 46 శాతం, ప్యూ లెక్కలో 48. ఒక ఏడాది అంకె ఒక సర్వే నుంచి, మరో ఏడాది అంకె ఇంకో సర్వే నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే, లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఉపవర్గాల్లోకి దిగితే పరిస్థితి ఇంకా పలచన. వెయ్యిమందిని అడిగితే పొరపాటుకు అవకాశం అటూ ఇటూ సుమారు 3 పాయింట్లు, వందమందినే అడిగితే 10. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా చూస్తే అది దాదాపు రెట్టింపవుతుంది. దేశవ్యాప్త సర్వేలో భారతీయ అమెరికన్లు ఎంతమంది దొరుకుతారో ఊహించుకోవచ్చు. పైగా వియత్నామీ, చైనీస్, ఫిలిపినో, తెలుగువాళ్లందరినీ "ఆసియన్" అనే ఒక్క గంపలో వేస్తారు. డైవర్సిటీ పేరుతో పెట్టిన సభ వేదిక మీదే ఇంతటి ముద్ద లెక్కలు రావడం విడ్డూరం.

బల్లల దగ్గర కథ మారింది. బల్లకు ఎనిమిదిమంది, ఒక సమన్వయకర్త. తొలి విడతలో ఒక్కొక్కరికి తొంభై సెకన్లు, మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు. ఎనిమిది దాటితే ఇద్దరు మాట్లాడి ఆరుగురు తలూపే సభ అవుతుంది కాబట్టి ఈ హద్దు సరైనదే. ఇంకా మంచి నిర్ణయం, మనుషులను వర్గాలవారీగా కాక పట్టా పొందిన దశకాలను కలగలిపి కూర్చోబెట్టడం. తన జాతి మొత్తం తరఫున జవాబు చెప్పాల్సిన బాధ ఎవరికీ పడలేదు.

ఎలక్టోరల్ కాలేజీ (రాష్ట్రాలవారీగా కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లతో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి) మీద చర్చించిన బల్ల అన్నిటికంటే నచ్చింది. కాగితం, పెన్సిల్ ఇచ్చి లెక్క వేయించారు. మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 538, గెలవడానికి 270. ట్రంప్‌కు 312, హారిస్‌కు 226. పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10, కలిపితే 44. ఆ మూడూ హారిస్‌కు వచ్చి ఉంటే సరిగ్గా 270. వాటిలో ట్రంప్ ఆధిక్యం మొత్తం సుమారు 2.3 లక్షల ఓట్లు, దేశంలో పోలైనవేమో 15 కోట్లకు పైనే. "స్పష్టమైన తీర్పు" అన్నవాళ్లూ "వెంట్రుకవాసి" అన్నవాళ్లూ ఒకే కాగితం చూస్తూ వాదించుకోవడం అక్కడే కుదిరింది. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు అభ్యర్థుల మధ్య చీలే పద్ధతిని మాత్రం రెండు ముక్కల్లో దాటేశారు.

ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదన్న హెచ్చరిక మొదట్లోనే చదివారు, మంచిదే. అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందే సంస్థలకు 1954 నుంచి ఉన్న నిషేధం అది. చర్చకు అడ్డులేదు, ప్రచారానికే అడ్డు.

జూమ్‌లో చూసినవాళ్లకు న్యాయం జరగలేదు. హాలులో ప్రశ్నలడిగేవాళ్లకు మైక్ అందలేదు, మోడరేటర్ ప్రశ్నను తిరిగి చెప్పలేదు, దాంతో జవాబులే వినిపించాయి. ప్రశ్నలను చీటీల మీద రాయించి మోడరేటరే చదివితే ఈ గొడవా ఉండదు, ప్రశ్న పేరుతో ఉపన్యాసమిచ్చేవాళ్ల బెడదా తగ్గుతుంది.

అసలు ప్రమాదం గుమ్మం దగ్గర ఉంది. హాజరు నమోదు బల్లను, ఓటరు రిజిస్ట్రేషన్ బల్లను ఆనించి వేశారు. అలూమ్నైలో ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-1బి (ఉద్యోగ వీసా), గ్రీన్‌కార్డు వాళ్లు, అంటే ఇంకా అమెరికా పౌరులు కానివాళ్లు బోలెడంతమంది. హాజరు కాగితమనుకుని ఓటరు ఫారం మీద సంతకం చేస్తే, రేపు పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు నింపేటప్పుడు "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అన్న ప్రశ్న ఎదురవుతుంది. పొరపాటున చేశామన్నా విషయం లాయరు దాకా పోతుంది. రెండు బల్లలూ వేర్వేరు మూలల్లో ఉండాలి, ఫారం చేతికిచ్చేముందే పౌరసత్వం సంగతి అడగాలి. విరాళాల విషయమూ ఎవరూ చెప్పలేదు: ఎన్నికల ప్రచారానికి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. అభ్యర్థి ప్రచార సంస్థ దగ్గర టోపీ కొన్నా అది విరాళం కిందికే వస్తుంది.