మా కాలనీ అర్బన్ హెల్త్ సెంటర్: డాక్టరమ్మకి దండం, మందుల కిటికీకి మాత్రం కాదు

విశాఖలో మా కాలనీ అర్బన్ హెల్త్ సెంటర్ గురించి ఇది. పేరు రాయను, ఎందుకంటే కింద కాస్త తిట్లు కూడా ఉన్నాయి. ఇంట్లో డెబ్బై దాటిన నాన్నగారు, ఏడాది నిండని పాప, మధ్యలో మేమిద్దరం. ఎవరికి నలతగా ఉన్నా ఇప్పుడు ముందు అక్కడికే వెళ్తున్నాం.

అటు తిరిగింది నాన్నగారి కోసమే. అంతకుముందు ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చూపించేవాళ్లం. షుగర్‌కి ఒక డాక్టరు, బీపీకి ఇంకొకరు, మోకాళ్లకి మరొకరు. ఎవరి గదిలో వాళ్లు చీటీ రాసేయడమే తప్ప పక్క గదిలో ఏం రాశారని అడిగిన పాపాన పోలేదు. ఇక్కడ డాక్టరమ్మ మొదటే "ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రండి" అన్నారు. తీసుకెళ్తే టేబుల్ మీద కుమ్మరించి ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చదివారు. రెండు కంపెనీల పేర్లతో రెండు నొప్పి మాత్రలు, రెండూ డైక్లోఫినాకే! షుగరూ బీపీ ఉన్న మనిషి రోజూ ఇవి మింగితే కిడ్నీలకి మంచిది కాదని చెప్పి రెండూ ఆపించి, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రాశారు. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. అక్కడి ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏంటో ఇప్పటికీ తేలక జనం నలిగిపోతుంటే చూస్తూ పెరిగినవాళ్లం, కిడ్నీ మాట వింటేనే మాకు టెన్షన్. రిపోర్టు బాగానే వచ్చింది. తర్వాత ఉప్పు దగ్గరికి వచ్చారు. నాన్నగారేమో "ఎండుచేప లేకపోతే ముద్ద దిగదమ్మా" అని మొండికేశారు. పూర్తిగా మానక్కర్లేదు, బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, అదీ ఎప్పుడైనా ఒకసారి అని బేరం కుదిర్చారు. ఈ బేరం ఎన్నాళ్లు నిలుస్తుందో మా ఆవిడకే తెలియాలి.

పాప టీకాలు బుధవారం, శనివారం. ఆ రోజుల్లో అక్కడ సందడే వేరు. తొమ్మిదో నెల మీజిల్స్-రుబెల్లా టీకాకి వెళ్తే ఇంకొందరు పిల్లలు వచ్చేదాకా కూర్చోమన్నారు. మొదట చిరాకేసింది గానీ టీకాలు వేసే నర్సమ్మ, ఏఎన్ఎం గారు విడమరిచి చెప్పారు, ఆ పొడి మందు ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలట, మిగిలితే పారేయాల్సిందే. పొడిచాక అరగంట కూర్చోబెట్టారు. ఏ టీకా వేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్పి, కార్డు పారేసుకోవద్దని మరీ మరీ చెప్పారు. ప్రైవేటులో బిల్లు చేతికి వచ్చింది గానీ ఇంత ఓపిగ్గా చెప్పినవాళ్లు లేరు.

ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి 30 దాటిన అందరినీ బీపీ, షుగర్ పరీక్షకి పిలుస్తుంది. పక్కింటి మామ్మగారిది అడ్డపొగ అలవాటు, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, మన వైపు పెద్దవాళ్లకి కొత్తేం కాదు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి టార్చి వేసి అంగిలి చూశారు. తెల్లగా మచ్చ కనిపించిందని, క్యాన్సరేమో చూపించుకోమని వెంటనే కేజీహెచ్‌కి, అదే ఊళ్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్‌కి చీటీ రాశారు. నొప్పి లేదు కదా అని ఆవిడ వెళ్లనంటే, ఆశా అమ్మాయే మర్నాడు ఆటోలో తీసుకెళ్లింది. శ్రీకాకుళం నుంచి ఒడిశా దాకా జనం వచ్చిపడే కేజీహెచ్‌లో ముసలావిడ ఒక్కతే ఏ గదికి వెళ్లాలో ఎలా తెలుస్తుంది చెప్పండి!

ఇక తిట్లు. మందుల కిటికీ. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎప్పుడూ ఉంటుంది, బీపీ మాత్ర టెల్మిసార్టాన్ అడిగితే "వచ్చే వారం రండి" అంటారు. అది ఒక వారం ఆపుకుని కూర్చునేదా అండీ? జన ఔషధి షాపులో కొనుక్కుంటున్నాం, పెద్ద ఖర్చేం కాదు, కానీ ఉచితం అని బోర్డు రాసుకున్నాక ఈ తిప్పుడేంటి. ఇంకోటి, ఆభా నంబరు, అంటే మన ఆరోగ్య రికార్డుల డిజిటల్ ఐడీ కోసం ఓటీపీ అడుగుతారు. ఫోను కొడుకు దగ్గరో కోడలి దగ్గరో ఉండే ముసలివాళ్లు ఆ కౌంటరు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడతారు. సాయంత్రం ఆఫీసు వదిలాక వెళ్తే తాళం. ఉద్యోగం చేసేవాళ్లకి సెలవు పెడితే తప్ప కుదరదు.

వెళ్లేవాళ్లు పాత చీటీలు, వాడుతున్న మందులు, ఆధార్, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకోండి. బీపీ, షుగర్ కోసమైతే టీకాల రోజు వద్దు. సోమవారం కూడా రద్దీనే, మంగళవారం పొద్దున్నే వెళ్తే డాక్టరమ్మకి మాట్లాడే తీరిక ఉంటుంది.