మిచిగన్ యూపీ స్నోమొబైల్ ట్రైల్స్: పది శీతాకాలాలు తిరిగాక

డెట్రాయిట్ దగ్గర ఉంటాం. 2015 జనవరిలో మా బావమరిది పట్టుబట్టి తీసుకెళ్తే మొదటిసారి మిచిగన్ అప్పర్ పెనిన్సులా, అందరూ యూపీ అనే చోటికి వెళ్లాను. ఆ తర్వాత ఏటా కనీసం ఒక్కసారైనా వెళ్లాం. మొదటి మూడేళ్లు అద్దె బండ్లు, తర్వాత సొంత స్లెడ్. అక్కడ స్నోమొబైల్‌ని, అంటే మంచు మీద నడిచే మోటారు బండిని, ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, స్లెడ్ అంటారు.

రాష్ట్రం మొత్తం మీద 6,000 మైళ్లకు పైగా గుర్తింపు పొందిన ట్రైల్స్, అంటే స్లెడ్లు నడిచే దారులు, ఉన్నాయి. అందులో సగం దాకా యూపీలోనే. సీజన్ డిసెంబర్ 1 నుంచి మార్చి 31 వరకు. ఎక్కాలంటే ట్రైల్ పర్మిట్ తప్పనిసరి. ఏడాదికి 50 డాలర్ల చుట్టూ అవుతుంది. ఆ డబ్బు ఎటు పోతుందో రెండో ఏడాది అర్థమైంది. రాత్రి పదింటికి హోటల్‌కి తిరిగొస్తుంటే ఎదురుగా పెద్ద ట్రాక్టర్ లాంటి బండి, వెనక పొడవాటి ఇనుప డ్రాగ్ లాగుతూ వచ్చింది. అదే గ్రూమర్. వందల స్లెడ్లు తిరిగితే దారి మీద వరసగా గుట్టలు లేస్తాయి. వాటి మీద పది మైళ్లు వెళ్తే నడుము పట్టేస్తుంది. డ్రాగ్ బ్లేడ్లు ఆ గుట్టల తలలు కోసి, గుంటలు పూడ్చి, పైన అదుముకుంటూ పోతాయి. దమ్ము చేసిన మడిని చెక్కతో చదును చేసినట్టే. అలా అదిమిన మంచు గట్టిపడడానికి కొన్ని గంటలు చలిలో కదలకుండా ఉండాలి, అందుకే ఆ పని ఎక్కువగా రాత్రిళ్లు జరుగుతుంది. ఈ గ్రూమింగ్‌ని నడిపేది చాలాచోట్ల స్థానిక క్లబ్బులే, పర్మిట్ డబ్బు గ్రాంట్‌గా వాళ్లకు చేరుతుంది.

కాబట్టి నా మొదటి సలహా, శనివారం వెళ్లకండి. శనివారం మధ్యాహ్నానికి దారి పాడైపోతుంది. సెలవు పెట్టి మంగళ, బుధవారాల్లో తెల్లారగానే బయల్దేరితే అలికిన వాకిలి లాంటి దారి మీ ఒక్కరికే దొరుకుతుంది.

నేను ఎక్కువగా తిరిగింది కివినా ద్వీపకల్పంలో. సుపీరియర్ సరస్సు గడ్డకట్టనంత కాలం దాని మీదుగా వచ్చే చలిగాలి తేమ పట్టుకొచ్చి ఇక్కడ మంచుగా దించేస్తుంది. 1978-79లో 390.4 అంగుళాలు పడిందట. ఆ లెక్క చూపే ఎత్తైన బోర్డు రోడ్డు పక్కనే ఉంది, మా పిల్లలు దాని కింద నిలబడి తలెత్తి చూస్తూ ఉండిపోయారు. హోటన్, హాంకాక్ ఊళ్ల మధ్య లిఫ్ట్ బ్రిడ్జి, అంటే మధ్య భాగం పైకి లేచే వంతెన, నాకు మరీ ఇష్టం. ఒకప్పుడు రైళ్లు నడిచిన కింది అంతస్తు మీద శీతాకాలంలో స్లెడ్లు దాటతాయి, పైన కార్లు పోతుంటాయి. హోటన్ నుంచి దక్షిణంగా వెళ్లే బిల్ నికల్స్ ట్రైల్ కూడా పాత రైలు కట్టే. ఫైర్‌స్టీల్ నది మీద మూడు ఎత్తైన వంతెనలు వస్తాయి. మొదటిసారి దాటేటప్పుడు చాలా టెన్షన్ పడ్డాను.

ఇబ్బందులూ చెప్పాలి. ఒకసారి అద్దెకిచ్చిన షాపువాళ్లు స్పేర్ బెల్ట్ (ఇంజిన్ శక్తిని ట్రాక్‌కి అందించేది) పెట్టలేదు, మేమూ చూసుకోలేదు. ఊరికి ఇరవై మైళ్ల దూరంలో బెల్ట్ తెగింది, ఫోన్ సిగ్నల్ లేదు. అటుగా వచ్చిన ఒక పెద్దాయన తాడు కట్టి ఊరిదాకా లాక్కొచ్చారు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బండి తీసుకునే ముందు బానెట్ తెరిపించి బెల్ట్ ఉందో లేదో చూడండి. మార్చిలో దారి గాజులా గట్టిపడితే ఇంజిన్ వేడెక్కుతుంది, ఎందుకంటే ట్రాక్, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టా, ఎగజిమ్మే మంచే దాన్ని చల్లబరుస్తుంది. గట్టి మంచుని గీకి పైకి ఎగజిమ్మే ఐస్ స్క్రాచర్లు ఉన్న బండే అడగండి. ఎదురొచ్చేవాళ్లు చేతివేళ్లతో తమ వెనక ఎన్ని బండ్లున్నాయో చూపిస్తారు, పిడికిలి చూపిస్తే తనే చివరివాడని. మీరూ తప్పకుండా చూపించండి.

అన్నిటికన్నా పెద్ద సమస్య మంచే. 2023-24 శీతాకాలంలో చాలాచోట్ల నేల కనిపించింది. పేరున్న యూపీ 200 కుక్కబండ్ల పందెం కూడా రద్దయింది. ముందే కట్టిన హోటల్ డబ్బు మాకు పోయింది, కానీ ఆ ఊళ్ల మోటళ్లు, పెట్రోలు బంకులు, హోటళ్లు ఏడాది సంపాదన పోగొట్టుకున్నాయి. అప్పటి నుంచి వారం ముందు ట్రైల్ రిపోర్టు చూశాకే గది బుక్ చేస్తున్నాను.

ఇంకొక్క మాట. ఈ దారుల్లో చాలా భాగం ప్రైవేటు భూముల మీదుగా, యజమానుల అనుమతితోనే సాగుతుంది. మాకు బాగా నచ్చిన ఒక అడవి దారి ఉండేది, రెండు పక్కలా హెమ్లాక్ చెట్లతో. కొందరు గుర్తులు దాటి లోపలి మొక్కల మీద బండ్లు తిప్పారు. మరుసటి ఏడాది వెళ్లేసరికి అడ్డంగా గొలుసు, ట్రైల్ మూసేశామని బోర్డు. ఇప్పుడు ఆ నాలుగు మైళ్లూ హైవే పక్కన, లారీల హోరులో వెళ్లాల్సి వస్తోంది.